ఇంట్లోనే తీసే విద్యార్థి చిత్రం: వెలుగునీడలకు, దృశ్యశైలికి ప్రణాళిక వేసుకోవడం ఎలా?

ఇంట్లో సినిమా తీయాలనుకునే విద్యార్థులు సాధారణంగా మొదట అడిగేది ఏ లైట్లు తెచ్చుకోవాలి, ఎన్ని తెచ్చుకోవాలి అని. ఆ ప్రశ్నను కొంతసేపు పక్కన పెట్టమని మనవి. ఇంట్లో వెలుగుకు కొరతేమీ ఉండదు. పైనున్న ట్యూబ్‌లైటు, తెల్లటి గోడలు, రెండు వైపుల కిటికీలు కలిసి గదిని మూలమూలకూ ఒకే తీరుగా వెలిగించేస్తాయి; అందువల్ల ముఖం, గోడ, అలమర అన్నీ ఒకే ప్రాధాన్యంతో కనిపించి, ఎక్కడ చూడాలో ప్రేక్షకుడికి తెలియకుండా పోతుంది. కాబట్టి ఇంట్లో లైటింగ్ అంటే ముందుగా, ఉన్న వెలుగులో దేన్ని ఉంచాలో, దేన్ని ఆపాలో నిర్ణయించుకోవడమే. ఆ నిర్ణయం కథలోంచి పుట్టినప్పుడే చిత్రానికి ఒక శైలి ఏర్పడుతుంది. ఈ పనిని ఏ వరుసలో చేసుకుంటే బాగుంటుందో కింద వివరిస్తున్నాను.

మొదట స్క్రిప్టును వెలుగు కోసమే చదవండి

స్క్రిప్టు పూర్తయ్యాక సంభాషణలను పట్టించుకోకుండా ఒకసారి, వెలుగును మాత్రమే ఊహించుకుంటూ చదవండి. ప్రతి సన్నివేశం పక్కనా ఈ విషయాలు రాసుకోండి: అది ఏ వేళ జరుగుతోంది, ఆ వేళలో ఆ గదికి వెలుగు నిజంగా ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి ముఖం స్పష్టంగా కనిపించి తీరాలి, ఎవరి ముఖం కొంత నీడలో ఉన్నా కథకు మేలే. ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు ఏ లైటు ఎక్కడ పెట్టినా అది అలంకారమే అవుతుంది.

ఒక చిన్న కథను ఉదాహరణగా తీసుకుందాం. అర్ధరాత్రి వేళ ఒక అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని తనకు వచ్చిన ఉత్తరం చదువుకుంటూ ఉంటుంది. పడకగది తలుపు తెరుచుకుంటుంది, తండ్రి గుమ్మంలో నిలబడతాడు, ఆమె ఉత్తరాన్ని గబుక్కున మడిచి దాచేస్తుంది. మరునాటి ఉదయం అదే బల్ల దగ్గర కిటికీ పక్కన కూర్చున్న తండ్రి చేతికి తనే ఆ ఉత్తరం ఇస్తుంది. కథ ఇంతే. రాత్రి సన్నివేశంలో ఆమెకు బల్ల మీది ల్యాంపు వెలుగు, తండ్రికి వెనకనుంచి పడకగది వెలుగు. ఆయన ముఖం నీడలో ఉండటం వల్ల కోపమో కాదో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు. ఉదయం మాత్రం ఇద్దరి ముఖాల మీదా ఒకే కిటికీ వెలుగు. ‘దాచినంతసేపూ ఎవరి వెలుగు వారిది, చెప్పుకున్నాక ఇద్దరికీ ఒకటే వెలుగు’ అని ఈ చిత్రం మొత్తానికి ఒక సూత్రం రాసుకోవచ్చు. మీ కథకు కూడా ఇలాంటి వాక్యం ఒకటి రాసుకుని బృందంలో అందరికీ చెప్పండి. షూటింగ్ రోజు సందేహం వచ్చినప్పుడు, ఏ పుస్తకమూ ఇవ్వని జవాబు ఆ వాక్యం ఇస్తుంది.

నచ్చిన చిత్రాలను పోగేయడం కాదు, చదవండి

శైలి కోసం విద్యార్థులు పదుల కొద్దీ స్టిల్స్ సేకరిస్తారు. పది చాలు, అయితే ఒక్కొక్కదాన్నీ విప్పి చూడాలి. ముఖ్యమైన ఆధారం కళ్లలోనే ఉంటుంది. క్లోజప్‌ను పెద్దది చేసి కనుపాపలో మెరిసే ప్రతిబింబాన్ని పరిశీలించండి: అది చతురస్రంగా, పెద్దదిగా ఉంటే కిటికీయో, పెద్ద బౌన్సో (వెలుగును తిప్పి పంపే తెల్లటి తలం) అయి ఉంటుంది, చిన్న చుక్కలా ఉంటే నేరుగా పడే చిన్న దీపం, కంటి కింది భాగంలో ఉంటే వెలుగు కింద నుంచి, బహుశా బల్ల మీదినుంచో నేల మీదినుంచో తిరిగి వస్తోంది. తర్వాత ముక్కు నీడ చూడండి. ఆ నీడ ఎటు పడిందో వెలుగు దానికి ఎదురు దిశలో, దాని అంచు ఎంత పదునుగా ఉందో వెలుగు మూలం అంత చిన్నది. చివరగా వెనక గోడ ముఖం కంటే ఎంత చీకటిగా ఉందో గమనించండి. ఈ మూడూ రాసి పెట్టుకున్న పది స్టిల్స్, ఏమీ రాయని వందకంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

సినిమాలకే పరిమితం కానక్కర్లేదు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన గదులను చూడండి. చాలా చిత్రాల్లో ఎడమవైపు ఒక కిటికీ, ఆ వెలుగులో ఒక మనిషి, ఏదో ఒక ఇంటి పని, అంతకు మించి ఏమీ ఉండదు. ఒకే కిటికీ ముఖాన్ని, చేతిని, గోడను ఎన్ని రకాలుగా వెలిగించగలదో అక్కడ ఓపికగా నేర్చుకోవచ్చు. ఇంట్లో తీసే చిత్రానికి అంతకంటే దగ్గరి పాఠం లేదని నా అభిప్రాయం.

ఇంటిని వేర్వేరు వేళల్లో చూడండి

మీకు బాగా తెలిసిన ఇల్లే అయినా, కెమెరా కోసం దాన్ని కొత్తగా చూడాలి. ఒక తెల్ల కాగితం మీద గది పటం గీసి కిటికీలు, తలుపులు, ప్లగ్ పాయింట్లు, పెద్ద సామాన్లు గుర్తించండి. ఫోనులోని దిక్సూచితో కిటికీల దిక్కులు రాయండి. తర్వాత ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ఒకే చోట నిలబడి, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) లాక్ చేసి, ఫొటోలు తీయండి. లాక్ చేయకపోతే ఫోను తనంతట తానే వెలుగును సరిదిద్ది, తేడాను మీకు కనిపించకుండా చేస్తుంది. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరిగినట్టు కనిపిస్తాడు. అంటే నేల మీద పడిన ఎండ ముక్క ఒక షాట్‌కూ మరో షాట్‌కూ మధ్య నడుస్తూనే ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవారికి ఉత్తరపు కిటికీ ఎంతో నమ్మకమైనది. దానిలోంచి నేరుగా ఎండ రావడం తక్కువ కాబట్టి వెలుగు గంటల తరబడి పెద్దగా మారదు. దక్షిణార్ధగోళంలో ఈ మాట దక్షిణపు కిటికీకి వర్తిస్తుంది.

గదిని ఎంచుకునేటప్పుడు అందం కంటే లోతు చూడండి. నటులకూ వెనక గోడకూ మధ్య కనీసం రెండు మీటర్ల జాగా దొరకాలి, లేకపోతే ముఖానికి ఇచ్చిన వెలుగంతా గోడ మీదా పడుతుంది. గది చిన్నదైతే ఎదురుగోడ వైపు కాకుండా మూల నుంచి మూలకు ఫ్రేము పెట్టండి, లేదా గుమ్మంలోంచి పక్క గది కనిపించేలా చూడండి. పక్క గదిలో ఒక చిన్న దీపం వెలిగిస్తే చిన్న ఇంటికి కూడా లోతు వస్తుంది.

రంగులు, ఫ్రేములు

దృశ్యశైలిలో సగం లైటు వేయకముందే నిర్ణయమైపోతుంది. గోడ రంగు, దుస్తుల రంగు, బల్ల మీది గుడ్డ, కిటికీ తెర, ఇవన్నీ వెలుగును ఎంతో కొంత తిరిగి విసురుతాయి. చిత్రం మొత్తానికి రెండు మూడు రంగులు ఎంచుకుని, వాటికి సంబంధం లేని వస్తువులను ఫ్రేములోంచి తీసేయండి; ముఖ్యంగా మెరిసే ప్లాస్టిక్ వస్తువులు, అద్దం బిగించిన పటాలు, ముదురు ఎరుపు రంగు చిన్న వస్తువులు, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపు ముఖాన్ని వదిలి అటే పోతుంది. మన ఉదాహరణలో ఉత్తరం ఒక్కటే తెల్లగా ఉండేలా చూసుకుంటే చాలు, మిగతా గదిలో తెలుపు ఎక్కడా లేకపోతే అది ఎక్కడ దాగినా ప్రేక్షకుడు వెతుక్కుంటాడు. అమ్మాయి దుస్తులు గోడకంటే కొంచెం ముదురుగానో లేతగానో ఉండాలి, లేకపోతే చీకటి సన్నివేశంలో మనిషి గోడలో కలిసిపోతుంది.

తెల్ల గోడలు ఇంటి చిత్రాలకు పెద్ద ఇబ్బంది. రంగు వేయలేని పరిస్థితిలో ముదురు రంగు దుప్పటి, పుస్తకాల అర, దట్టమైన తెర వంటివాటితో ఫ్రేములో కనిపించే గోడను తగ్గించండి. ఫ్రేముకు బయట ఉన్న తెల్ల గోడలను కూడా నల్లగుడ్డతో కప్పవలసి వస్తుంది, ఎందుకంటే అవి కనిపించకపోయినా నీడల్లోకి వెలుగును తిప్పి పంపుతూనే ఉంటాయి.

ఫ్రేముకు సంబంధించి కొన్ని నియమాలు ముందే రాసి పెట్టుకోండి: కెమెరా ఎత్తు ఎంత, అది కదులుతుందా నిలబడుతుందా, పాత్రకు ఎంత దగ్గరగా వెళ్తుంది, ఎప్పుడు వెళ్తుంది. ఫోనుతో తీసేవారు మనుషుల ముఖాలకు అల్ట్రావైడ్ లెన్సు వాడకపోవడం మంచిది. గది ఇరుకు కదా అని దాన్ని పెట్టుకుని ముఖానికి దగ్గరగా వెళితే ముక్కు, నుదురు పెద్దవైపోతాయి. ప్రధాన లెన్సుతో వెనక్కి జరిగి తీయండి, అవసరమైతే పక్క గదిలో నిలబడి గుమ్మంలోంచి తీయండి.

వెలుగు స్వభావాన్ని చేతితో తెలుసుకోండి

ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే పరికరాల గురించిన అయోమయంలో చాలా భాగం ఈ రెండు సూత్రాలు తెలిస్తే తొలగిపోతుంది.

మొదటిది మెత్తదనం. వెలుగు మూలం మనిషి ఉన్న చోటు నుంచి చూసినప్పుడు ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంచులు అంత మెత్తగా ఉంటాయి. ఒక మామూలు బల్బును ముఖానికి నేరుగా చూపితే నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. అదే బల్బును ఒక తెల్ల థర్మాకోల్ షీటు వైపు తిప్పి, ఆ షీటు నుంచి తిరిగి వచ్చే వెలుగును ముఖం మీద పడనిస్తే నీడ అంచు కరిగిపోతుంది. వెలుగు తగ్గుతుంది గానీ, మూలం ఇప్పుడు బల్బు కాదు, షీటంత పెద్దది. ఆ షీటును దూరంగా జరిపితే మళ్లీ నీడ గట్టిపడుతుంది. ఈ పద్ధతికి మన సినిమా చరిత్రలో గౌరవమైన చోటు ఉంది. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ చిత్రం ‘అపరాజితో’ కోసం కాశీలోని ఒక ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్‌గా వేసినప్పుడు, పైనుంచి దిగే ఆకాశపు వెలుగు రావడం కోసం ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ మీద తెల్లటి గుడ్డ పరిచి, లైట్లను దాని మీదికి కొట్టి తిప్పి పంపాడు. మీ దగ్గరున్న తెల్ల దుప్పటి కూడా అదే పని చేస్తుంది.

రెండోది దూరం. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. నటికి వెనక రెండు మీటర్ల దూరంలో గోడ ఉందనుకోండి. దీపాన్ని ఆమెకు ఒక మీటరు దూరంలో పెడితే గోడకు దీపం మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. ఆమె ముఖానికి అందే వెలుగులో తొమ్మిదో వంతు మాత్రమే గోడకు చేరుతుంది, అంటే మూడు స్టాపులకు పైగా తక్కువ (వెలుగు సగమైన ప్రతిసారీ ఒక స్టాపు తగ్గినట్టు). అదే దీపాన్ని మూడు మీటర్ల దూరం జరిపితే గోడకు ఐదు మీటర్లవుతుంది. ఇప్పుడు ముఖం మీది వెలుగులో మూడో వంతుకు పైగా గోడ మీద పడుతుంది. కాబట్టి వెనక చీకటి కావాలంటే దీపాన్ని దగ్గరికి తెచ్చి దాని తీవ్రత తగ్గించండి. గదంతా వెలుగు సమంగా ఉండాలంటే దూరం జరపండి. చీకటి కావాలని లైటును దూరంగా తీసుకువెళ్లడం అనే పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది.

నీడవైపు చెంప ఎంత చీకటిగా ఉండాలన్నది సన్నివేశపు మనఃస్థితిని నిర్ణయిస్తుంది. వెలుగువైపు చెంప రెండింతలు వెలుగుగా ఉంటే ముఖం ప్రశాంతంగా, నాలుగింతలు ఉంటే గంభీరంగా, ఎనిమిదింతలు ఉంటే రాత్రిగా, రహస్యంగా అనిపిస్తుంది. దీన్ని కొలవడానికి లైట్ మీటరు అక్కర్లేదు. ఫోనులో షట్టర్‌ను (ఒక్కో ఫ్రేము ఎంతసేపు వెలుగు తీసుకోవాలన్నది) స్థిరంగా ఉంచి ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఆటోలో వదిలే కెమెరా యాప్ వాడి, వెలుగువైపు చెంప మాత్రమే ఫ్రేము నిండేలా దగ్గరికి వెళ్లండి, ఐఎస్ఓ ఎంత చూపిస్తోందో రాసుకోండి, తర్వాత నీడవైపు చెంపను చూడండి. ఒకవైపు 100, మరోవైపు 400 చూపిస్తే తేడా నాలుగింతలు, అంటే రెండు స్టాపులు. నీడను తేలిక చేయాలంటే ఆ వైపు థర్మాకోల్ పెట్టండి; దట్టం చేయాలంటే అదే చోట నల్ల గుడ్డ వేలాడదీయండి. ఇంటి గదుల్లో థర్మాకోల్ కంటే నల్ల గుడ్డ అవసరమే ఎక్కువగా పడుతుంది.

ఒంటి రంగు విషయంలో ఒక జాగ్రత్త. ముదురు చాయ ఉన్న నటులకు వెలుగు చాలదని నేరుగా మరో లైటు కొట్టడం సరైన దారి కాదు. అలాంటి చర్మం మీద పెద్ద, మెత్తటి మూలం ప్రతిబింబమే ముఖపు ఆకృతిని అందంగా చూపిస్తుంది. అందువల్ల పెద్ద బౌన్సును కొంచెం పక్కకు, కొంచెం వెనక్కు జరిపి ఆ మెరుపు చెంప ఎముక మీద పడేలా చూడండి. చెమట, జిడ్డు మెరుపులను టిష్యూతో అద్దాలి. వేర్వేరు చాయల నటులు ఒకే ఫ్రేములో ఉంటే ముదురు చాయ ఉన్నవారిని దీపానికి కాస్త దగ్గరగా కూర్చోబెడితే సమస్య సగం తీరుతుంది.

కెమెరాలో ముందే బిగించవలసినవి

వెలుగు రంగును చెప్పే కెల్విన్ అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు: పాతకాలపు వెచ్చటి బల్బు సుమారు 2700 నుంచి 3200, పగటి ఎండ సుమారు 5600, నీడలోని ఆకాశపు వెలుగు 7000కు పైన. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారుతుంది. కిటికీ వెలుగు, బల్బు వెలుగు ఒకే ముఖం మీద కలిస్తే ఒక చెంప పసుపుగా, మరో చెంప నీలంగా కనిపిస్తుంది. అలా కావాలని చేస్తే అది శైలి, ఆదమరపుగా జరిగితే అది లోపం. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగును సర్దే అమరిక) ఆటోలో ఉంచవద్దు. నటుడు కదిలినప్పుడల్లా రంగు మారిపోయి ఎడిటింగ్‌లో ఏ రెండు షాట్లూ కలవవు. రెండు రకాల వెలుగూ కనిపించాలంటే కెమెరాను 4300 దగ్గర పెట్టండి, బల్బు కొంచెం వెచ్చగా, కిటికీ కొంచెం చల్లగా సహజంగా కనిపిస్తాయి.

ఎల్ఈడీ బల్బులు కొనేటప్పుడు సీఆర్ఐ (వెలుగు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో తెలిపే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాటిని ఎంచుకోండి. అంతకు తక్కువైతే చర్మం పాలిపోయినట్టో, పచ్చబడినట్టో వస్తుంది. అన్ని బల్బులూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కావడం మంచిది.

ఫ్లికర్ (వీడియోలో లైటు మినుకుమనడం) సంగతి షూటింగ్‌కు ముందే తేల్చుకోవాలి. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న దేశాల్లో మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అక్కడ సెకనుకు 25 ఫ్రేములతో, సెకనులో 50వ వంతు షట్టర్‌తో తీస్తే సురక్షితం. 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 60వ వంతు వాడాలి. డిమ్మర్‌తో తగ్గించే కొన్ని ఎల్ఈడీలు తమదైన వేగంతో మినుకుమంటాయి కాబట్టి, ఆ బల్బు ముందు ఒక నిమిషం తీసి పెద్ద తెర మీద చూసుకోండి. చాలా ఫోన్లలో అపర్చర్ (లెన్సు రంధ్రం పరిమాణం) మార్చడానికి వీలుండదు కాబట్టి షట్టర్ బిగించాక ఎక్స్‌పోజర్‌ను సర్దడానికి మిగిలేవి ఐఎస్ఓ, గదిలోని వెలుగు మాత్రమే. పగటి వెలుగు మరీ ఎక్కువైతే, లెన్సు ముందు పెట్టి వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు కావాలి.

రాత్రి సన్నివేశం

మన ఉదాహరణలోని రాత్రిని మొదటి నుంచి చివరి దాకా కడదాం. మొదట గదిలో అన్ని లైట్లూ ఆపేయండి. కిటికీ ఫ్రేములో కనిపిస్తుంటే నల్ల గుడ్డను బయటి వైపు నుంచి కప్పండి. పగలే తీస్తున్నా చీకటి కుదురుతుంది. ఇప్పుడు బల్ల మీది ల్యాంపు వెలిగించండి. ఫ్రేములో కనిపించే దీపం తక్కువ వాట్‌ల ఎల్ఈడీ బల్బుతో ఉండాలి, లేకపోతే షేడు తెల్లగా కాలిపోయి వివరమేమీ మిగలదు. ఇంకా ఎక్కువగా అనిపిస్తే షేడు లోపల కెమెరా వైపు మాత్రమే ఒక ట్రేసింగ్ పేపరు అంటించండి, అమ్మాయి వైపు వెలుగు తగ్గకుండా ఉంటుంది.

ఆ చిన్న దీపం ముఖానికి సరిపోదు. అందుకని ఫ్రేము బయట, ల్యాంపు ఉన్న వైపు నుంచే, దాదాపు అదే ఎత్తులో, అదే రంగు బల్బును చిన్న థర్మాకోల్ ముక్క మీదికి కొట్టి ఆమె ముఖం మీదికి తిప్పండి. ఫ్రేములో ఎడమవైపు ల్యాంపు ఉండి, ముఖం మీద కుడివైపు వెలుగు పడితే ఏదో తప్పుందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, ఏమిటో చెప్పలేకపోయినా సరే.

ఇప్పుడు ఉత్తరం చూడండి. తెల్ల కాగితం ల్యాంపు కింద తెరిచి ఉన్నంతసేపూ అది కూడా ఒక బౌన్స్. ఆమె ముఖం కాగితం మీదికి వంగి ఉంటుంది కాబట్టి గడ్డం కింద, కనురెప్పల కింద ఒక పలుచని వెలుగు పైకి లేస్తుంది. తండ్రి అలికిడి విని ఉత్తరం మడవగానే ఆ వెలుగు ఆరిపోయి, ముఖం సగం నీడలోకి వెళుతుంది. ఇది ఎవరూ ప్రత్యేకంగా చేయనక్కర్లేదు, కాగితం తనంతట తానే చేస్తుంది. మీరు చేయవలసిందల్లా మరో వైపు నుంచి ఫిల్ లైటు (నీడను తేలిక చేసే అదనపు వెలుగు) పెట్టి దాన్ని పాడుచేయకుండా ఉండటం. కాగితం మందంగా, తెల్లగా ఉండాలి, ఆమె దాన్ని ల్యాంపుకు మరీ అడ్డంగా కాకుండా బల్ల మీదికి కొంచెం వాల్చి పట్టుకోవాలి. ఈ షాట్‌ను ముందు రోజే కాగితాలు మార్చి మార్చి పరీక్షించండి. ఇంటి వస్తువుల్లో ఇలాంటి అవకాశాలు ఎన్నో ఉంటాయి: తెరిచిన పుస్తకం, స్టీలు గిన్నె, ఫ్రిజ్ తలుపు, ఫోను తెర. పాత్ర చేతిలోని వస్తువే వెలుగును మార్చినప్పుడు కథా, లైటింగూ విడిగా ఉండవు.

తండ్రి వచ్చే గుమ్మం వెనక, పడకగదిలో, ఫ్రేములో పడకుండా ఒక దీపం పెట్టండి. తలుపు తెరవగానే నేల మీద వెలుగు పట్టీ ఒకటి సాగి, ఆయన ఆకారం మాత్రం చీకటిగా నిలుస్తుంది. ఆకారం మరీ నల్లటి ముద్దలా ఉంటే ల్యాంపు వెలుగులో కొంచెం ఆయన వైపు చేరనివ్వండి, అది కూడా మూడు స్టాపులు తక్కువగానే. ఈ షాట్‌లో ఆయన కళ్లు కనిపించకపోయినా పరవాలేదు, తలుపు పిడి మీద చేయి కనిపిస్తే చాలు.

రాత్రి అంటే మొత్తం ఫ్రేమును మసకగా తీయడం కాదని గుర్తుంచుకోండి. ఎక్స్‌పోజర్ తగ్గించి తీసిన గది బూడిద రంగులో, నలుసులు నలుసులుగా కనిపిస్తుంది. ఫ్రేములో ఎక్కడో ఒక చోట నిజమైన వెలుగు, ల్యాంపు షేడో ఉత్తరమో, ఉండాలి. దాని పక్కనున్న చీకటి అప్పుడే చీకటిగా నమ్మకం కలిగిస్తుంది. ముఖం వెలుగువైపును మామూలు కంటే ఒక స్టాపు తక్కువగా ఉంచి, మిగిలిన చీకటిని గ్రేడింగ్‌లో (షూటింగ్ తర్వాత వెలుగును, రంగును సర్దే దశలో) దించుకోండి. ఐఎస్ఓ తక్కువగా ఉంచగలిగితే నీడల్లో నలుసులు తగ్గుతాయి. కిటికీలోంచి వెన్నెల కావాలనుకుంటే బయటి దీపాన్ని ల్యాంపు కంటే 1500 నుంచి 2000 కెల్విన్ ఎక్కువ ఉండేలా ఎంచుకుంటే సరిపోతుంది. ముదురు నీలం జెల్ (లైటు ముందు పెట్టే రంగు పొర) వేస్తే వెన్నెల కాదు, రంగస్థలం కనిపిస్తుంది.

ఉదయం సన్నివేశం

పగటి సన్నివేశంలో కిటికీయే కీ లైటు, అంటే ప్రధాన వెలుగు. నటులను కిటికీకి పక్కగా, కెమెరాను వెలుగు ముఖం పక్కనుంచి వచ్చేలా పెట్టండి. కిటికీ నటుల వెనక ఉంటే బయటి ప్రపంచం గదికంటే ఎన్నో స్టాపులు వెలుగుగా ఉండి, కిటికీ అంతా తెల్లబారుతుంది, లేదా ముఖాలు నల్లబడతాయి. కిటికీ ఫ్రేములో కనిపించి తీరాలంటే పలుచని తెర వేయండి, లేదా బయట వెలుగు మందగించే సంధ్యా సమయాన్ని ఎంచుకోండి. ఆ సమయం చాలా కొద్దిసేపే ఉంటుంది, ఒక్క షాట్‌కే సరిపోతుంది.

నేరుగా ఎండ పడే కిటికీకి ట్రేసింగ్ పేపరో, పలుచని తెల్ల దుప్పటో కట్టితే ఆ గుడ్డే పెద్ద మెత్తటి మూలంగా మారుతుంది. తండ్రీ కూతురూ ఇద్దరూ దానికి ఒకే వైపు కూర్చుంటే ఇద్దరికీ ఒకే వెలుగు అందుతుంది, మనం రాసుకున్న సూత్రం కుదురుతుంది. ఇక్కడ నీడవైపు ఒక థర్మాకోల్ షీటు పెట్టి తేడాను రెండింతల దగ్గర ఉంచండి. పైనున్న ట్యూబ్‌లైటు మాత్రం వెలిగించకండి.

పగటి సన్నివేశానికి షాట్ల వరుస ముఖ్యం. ఎండ ముక్క కనిపించే వైడ్ షాట్లు ముందు తీసేయండి, ఎందుకంటే అది జరిగిపోతే మళ్లీ రాదు. క్లోజప్‌లలో ఆ వెలుగును బౌన్స్‌తో తర్వాత కూడా కల్పించవచ్చు. ఒక దిశలో చూసే షాట్లన్నీ పూర్తి చేశాకే కెమెరాను ఎదురు దిశకు తిప్పండి. ప్రతి షాట్ ప్రారంభించిన సమయం, ఎక్స్‌పోజర్ అంకెలు, ఆకాశం మబ్బుగా ఉందో లేదో ఒక నోటుబుక్కులో రాయమని ఒక్కరికి పని అప్పగించండి. ఒక ముఖం షాట్ నుంచి మరో ముఖం షాట్‌కు మారినప్పుడు, మబ్బుల వల్ల వచ్చే తేడా ఎడిటింగ్‌లో కంటికి కొట్టినట్టు కనిపిస్తుంది.

పరీక్ష, భద్రత, గ్రేడింగ్

షూటింగ్‌కు కనీసం ఒక రోజు ముందు, నటుల స్థానంలో స్నేహితులను కూర్చోబెట్టి, వీలైతే అవే రంగు దుస్తులతో, ప్రతి సన్నివేశంలో ఒక్కొక్క షాట్ తీసి చూడండి. ఫోను తెర మీద కాదు, పెద్ద తెర మీద, చీకటి గదిలో చూడండి. పగటి వెలుగులో ఫోను తెర చీకట్లను దాచిపెడుతుంది. సరిగ్గా కుదిరిన ఏర్పాటును గది పటం మీద గీయండి: దీపం ఎక్కడ, ఏ ఎత్తులో, ఏ దిశలో, బౌన్స్ ఎంత దూరంలో, నల్లగుడ్డ ఎక్కడ. నేల మీద టేపుతో గుర్తులు పెట్టండి. ఈ పటం చేతిలో ఉంటే మరునాడు ఏర్పాట్లు గంటల్లో కాదు, నిమిషాల్లో పూర్తవుతాయి.

కరెంటు విషయంలో ఉదాసీనత పనికిరాదు. వైర్లు నడిచే దారిలో ఉంటే టేపు అంటించండి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద చాలా పరికరాలు పెట్టకండి. పాతకాలపు బల్బులు, హాలోజన్‌లు చాలా వేడెక్కుతాయి కాబట్టి వాటి దగ్గర గుడ్డ, కాగితం, థర్మాకోల్ ఉంచకండి. ఇంట్లో వాడటానికి ఎల్ఈడీలే తగినవి. స్టాండ్ల అడుగున బరువు పెట్టండి. చిన్నపిల్లలు, పెద్దలు ఆ ఇంట్లో నివసిస్తుంటే ఏ గది ఎప్పుడు కావాలో ముందే అడిగి, చెప్పిన సమయానికి ఖాళీ చేయండి.

షూటింగ్ పూర్తయ్యాక గ్రేడింగ్‌లో మొదట ఒక సన్నివేశంలోని షాట్లన్నింటి ఎక్స్‌పోజర్, రంగు ఒకదానితో ఒకటి కలపండి. శైలి రంగులు ఆ తర్వాతే వేయాలి, లేకపోతే ప్రతి షాట్‌నూ విడివిడిగా రెండోసారి సరిచేయవలసి వస్తుంది. ఒక సన్నివేశానికి ఒక షాట్‌ను ఆధారంగా ఎంచుకోండి. మన ఉదాహరణలో రాత్రికి ఉత్తరం మడిచే షాటు, ఉదయానికి ఇద్దరూ కలిసి కనిపించే షాటు. మిగతా అన్నింటినీ వాటి పక్కన పెట్టి చూస్తూ సర్దండి. చర్మం రంగు సహజంగా ఉందో లేదో మొదట చూడండి, నీడల్లో ఎంత నీలం, వెలుగులో ఎంత పసుపు కావాలో తర్వాత నిర్ణయించండి. చివరగా చిత్రాన్ని ఫోను తెర మీద, లాప్‌టాప్ మీద, టీవీ మీద ఒక్కొక్కసారి చూసి, మూడింటిలోనూ తండ్రి ఆకారం గుమ్మంలో కనిపిస్తోందని నిర్ధారించుకున్నాకే ఫైలును ఎగుమతి చేయండి.